యూటాలో మోర్మన్ల స్థిరనివాసం: మూలవాసులను విడిచిపెట్టకుండా ఈ చరిత్రను చదవడం, రాయడం ఎలా

అమెరికా పడమటి ప్రాంతంలో, ఇప్పటి యూటా రాష్ట్రం కేంద్రంగా, మోర్మన్లు (జోసెఫ్ స్మిత్ స్థాపించిన చర్చిని అనుసరించేవారు) ఏర్పరచుకున్న ఆవాసాల గురించి వ్యాసమో, ప్రసంగమో, పరిశోధన పత్రమో సిద్ధం చేయాలనుకునే వారికి మొదట ఎదురయ్యేది అప్పటికే పూర్తిగా కుదిరిపోయిన ఒక కథ. మత విశ్వాసం కారణంగా ఊరూరా తరిమివేతకు గురైన జనం, ఎవరికీ అక్కరలేని ఎడారికి చేరి, కాలువలు తవ్వి దానిని పంటభూమిగా మార్చుకున్నారన్నది ఆ కథ. తరిమివేత నిజం, కాలువలు తవ్విన కష్టం నిజం. ఎవరికీ అక్కరలేని నేల అన్నది మాత్రం నిజం కాదు. ఆ ఒక్క మాటను సరిచేస్తే తక్కిన కథ ఎలా మారుతుందో, ఏ ఆధారాలను ఏ వరుసలో చూడాలో, ఎక్కడ తొందరపడకూడదో చెప్పడమే ఈ వ్యాసం పని.

మొదట కాలక్రమం, వెంటనే పటం

కాలక్రమం రాసుకోవడానికి ఒక పూట చాలు. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మోర్మన్ చర్చిని స్థాపించాడు. 1838 అక్టోబరు 27న మిస్సోరి గవర్నరు లిల్బర్న్ బాగ్స్, మోర్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. మూడు రోజుల తరువాత హాన్స్ మిల్ అనే చోట 17 మంది మోర్మన్లు హతులయ్యారు. 1844 జూన్ 27న ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలులో స్మిత్‌ను ఒక గుంపు కాల్చి చంపింది. 1847 జూలై 24న, స్మిత్ తరువాత చర్చికి నాయకుడైన బ్రిగమ్ యంగ్, యూటాలోని సాల్ట్ లేక్ లోయలో అడుగుపెట్టాడు. ఈ సంగతులన్నీ మీ రచనలో ఉండవలసినవే. అయితే యూటాలో మూలవాసులకు జరిగినదానికి జవాబుగా మిస్సోరిని తెచ్చి నిలబెట్టే అలవాటు చాలా రచనల్లో కనిపిస్తుంది. మిస్సోరిలో మోర్మన్లను హింసించినవారు యూటా మూలవాసులైన యూట్లు కారు, పాయూట్లు అంతకన్నా కారు. రెండు చరిత్రలనూ వాటి వాటి ఆధారాలతో విడివిడిగా చెప్పండి.

ఆ వెంటనే పటం తెరవండి. యూటా సరస్సు చుట్టూ, దానికి తూర్పున ఉన్న కొండల్లో యూట్లు, వారిలో సరస్సు తీరాన ఉన్న టింపనోగోస్ జనం; ఉత్తరాన క్యాష్ లోయలో, బేర్ నది వెంబడి వాయవ్య షోషోనీలు; సాల్ట్ లేక్‌కు పడమట ఎండిన నేలల్లో గోషూట్లు; దక్షిణాన వర్జిన్, శాంటా క్లారా నదుల ఒడ్డున వాగునీటితో మొక్కజొన్న పండించుకునే దక్షిణ పాయూట్లు; ఆగ్నేయాన శాన్ హువాన్ నది దిక్కున నవాహోలు. యంగ్ వచ్చిన నాటికి ఈ ప్రాంతమంతా కాగితం మీద మెక్సికోది. 1848 ఫిబ్రవరిలో గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందంతో అది అమెరికాకు బదిలీ అయింది. రెండు దేశాల్లో ఏదీ అక్కడ ఉంటున్నవారిని సంప్రదించలేదు. పటం మీద ఈ పేర్లు గుర్తించిన తరువాతే మోర్మన్ ఊళ్ళు ఒక్కొక్కటీ స్థాపించిన సంవత్సరంతో సహా చేర్చండి. ఊరి పేరు ఎక్కడ పడుతున్నదో గమనిస్తే చాలు: దాదాపు ప్రతిదీ కొండవాగు లోయలోకి దిగే చోటే ఉంటుంది.

నీటి నుంచి మొదలుపెట్టండి

అంత ఎండిన ప్రాంతంలో వాగు దిగే చోటును పట్టుకున్నవారికి లోయ మొత్తం దక్కుతుంది. మోర్మన్ రైతుకు కాలువ తవ్వడానికి అనువైన స్థలం, షోషోనీ కుటుంబం గడ్డిగింజలు దూసుకునే స్థలం, యూట్లు చలికాలం గుడారాలు వేసుకునే స్థలం ఒక్కటే. సెట్లర్ల పశువులు రెండు మూడు ఏళ్ళలో గింజగడ్డిని మేసివేస్తే, వేటజంతువులు దూరమైపోతే, అక్కడివారికి మిగిలే దారి ఆ పశువులనే పట్టుకుని తినడం. దానిని సెట్లర్ల లేఖలు దొంగతనం అంటాయి. మీ వ్యాసంలో దొంగతనం అన్న పదం వచ్చే ప్రతిచోటా, దానికి ముందు సంవత్సరం ఆ లోయలో ఎవరి పశువులు మేశాయో ఒక వాక్యం చేర్చగలరా అని చూసుకోండి. చాలాసార్లు చేర్చగలుగుతారు.

దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ ప్రోవో. యూటా సరస్సులోకి ప్రోవో నది కలిసే చోట ప్రతి వసంతంలోనూ చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కేవి. టింపనోగోస్‌లతో పాటు ఇతర యూట్ బృందాలు కూడా అక్కడ చేరి చేపలు పట్టేవారు, వ్యాపారం, పందేలు, పెళ్ళిమాటలు అన్నీ అక్కడే సాగేవి. 1849 మార్చిలో మోర్మన్ దళం ఒకటి, ఇప్పటి ప్లెజంట్ గ్రోవ్ దగ్గర, పశువుల దొంగతనం ఆరోపణపై నలుగురు టింపనోగోస్ పురుషులను వారి కుటుంబాల కళ్ళెదుటే కాల్చి చంపింది. ఆ వసంతంలోనే ప్రోవో నది పక్కన ఫోర్ట్ యూటా వెలిసింది. కొన్ని నెలలకు ఒక చొక్కా విషయంలో తగాదా వచ్చి ముగ్గురు సెట్లర్లు ఒక యూట్‌ను చంపి, పొట్టలో రాళ్ళు నింపి నదిలో వేశారు. హంతకులను అప్పగించండి లేదా పరిహారం ఇవ్వండి అని యూట్లు అడిగినా ఫలితం లేకపోయింది. పశువులు మాయం కావడం మొదలైంది. 1850 జనవరి 31న ఫోర్ట్ యూటా ప్రతినిధులు సాల్ట్ లేక్ సిటీలో యంగ్‌ను కలిసి యుద్ధానికి అనుమతి కోరారు. అక్కడ పశువుల మాట వచ్చింది, హత్య మాట రాలేదు. ఫిబ్రవరిలో రెండు రోజుల పోరాటం, కొండల్లోకి వెంటాడటం, లొంగిపోయిన పురుషులను సరస్సు దక్షిణ తీరాన చంపడం జరిగాయి. మొత్తం మీద హతులు వందమంది దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. పట్టుబడిన స్త్రీలను, పిల్లలను మోర్మన్ ఇళ్ళకు పంచారు. అక్కడ ఉన్న ఒక సైనిక వైద్యుడు పరిశోధన పేరిట కోరినందువల్ల యాభై దాకా శవాల తలలు నరికి కోటకు తెచ్చారు.

ఈ ఒక్క సంఘటనను పూర్తిగా అర్థం చేసుకుంటే తరువాతి ముప్పై ఏళ్ళ చరిత్రకు కావలసిన తాళంచెవి దొరికినట్లే. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారికి అందరూ చెప్పుకునే 1857 నాటి మౌంటెన్ మెడోస్ హత్యాకాండతో కాక ప్రోవోతో మొదలుపెట్టమని నా సలహా.

భూమి హక్కుపత్రాల సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఊరి స్థలాలను, పొలాలను, నీటి వాటాలను పంచిపెట్టింది మొదటి రోజుల్లో చర్చి నాయకత్వమే. యూటాలో ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) భూమి కార్యాలయం తెరిచింది 1869లో. అంటే ఇరవై రెండేళ్ళ పాటు సెట్లర్లకు అమెరికా చట్టం ప్రకారం పట్టా లేదు, మూలవాసుల హక్కు చట్టప్రకారం రద్దు కానూలేదు. 1865 జూన్‌లో స్పానిష్ ఫోర్క్ వద్ద యూట్ నాయకులతో ఒప్పందం రాయించినప్పుడు, మీరు అమ్మకపోయినా ప్రభుత్వం ఎలాగూ తీసుకుంటుంది అన్న అర్థంలో యంగ్ వారికి నచ్చజెప్పాడు. యూట్లు యూయింటా రిజర్వేషన్‌కు (మూలవాసులకని ప్రభుత్వం కేటాయించిన ప్రాంతానికి) తరలవలసి వచ్చింది. ఒప్పందాన్ని మాత్రం సెనేట్ ఎన్నడూ ఆమోదించలేదు. ఆ యూయింటా లోయను 1861లో మోర్మన్ పరిశీలకులు చూసి వచ్చి, సాగుకు పనికిరాదని తేల్చిన తరువాతే, అదే ఏడాది అక్టోబరులో లింకన్ దానిని రిజర్వేషన్‌గా ప్రకటించాడు. 1905లో అదీ తెల్లవారి ఆవాసాలకు తెరిచారు.

సిద్ధాంతాన్ని ఎంతవరకు నమ్మాలి

ఇతర సెట్లర్ల చరిత్రలో లేని ఒక అంశం మోర్మన్ల చరిత్రలో ఉంది. 1830లో వెలువడిన బుక్ ఆఫ్ మోర్మన్ ప్రకారం పూర్వం ఇజ్రాయెల్ నుంచి అమెరికాకు వచ్చిన కుటుంబం రెండు శాఖలుగా చీలింది. దేవునికి దూరమై నల్లటి చర్మం శాపంగా పొందిన శాఖ లేమనైట్లు. అమెరికా మూలవాసులు ఆ లేమనైట్ల సంతతి అని, ఒకనాడు విశ్వాసంలోకి తిరిగి వస్తారని తొలి మోర్మన్లు నమ్మారు. చర్చి పుట్టిన సంవత్సరంలోనే ఆలివర్ కౌడరీ, పార్లీ ప్రాట్ తదితరులు మిస్సోరి సరిహద్దు దాటి డెలవేర్ అనే మూలవాసి జనం దగ్గరకు ప్రచారానికి బయలుదేరారు, మూలవాసుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ఏజెంటు వారిని వెనక్కి పంపాడు.

ఇక్కడ రెండు వైపులా జారే ప్రమాదం ఉంది. నమ్మకమే అన్నిటికీ కారణం అనుకుంటే నెవాడాలో, కొలరాడోలో ఆ నమ్మకం లేని సెట్లర్లు కూడా ఇదే పని ఎందుకు చేశారో చెప్పలేరు. నమ్మకాన్ని పక్కన పెట్టేస్తే, అదే జనం బాప్తిస్మాలు ఇవ్వడం, మిషనరీలను పంపడం, పిల్లలను ఇళ్ళకు తెచ్చుకోవడం ఎందుకో అర్థం కాదు. మూలవాసి ఎక్కడి నుంచి వచ్చాడో, చివరికి ఏమవుతాడో అతనికన్నా తమకే బాగా తెలుసునన్న ధీమాను ఆ సిద్ధాంతం ఇచ్చింది. భూమి అవసరం కత్తిని చేతికిస్తే, ఈ ధీమా మనస్సాక్షికి నచ్చజెప్పింది. గ్రంథంలోని పాఠం కూడా మారుతూ వచ్చింది. పశ్చాత్తాపపడినవారు తెల్లగా, ఇంపుగా మారతారన్న చోట 1981 ముద్రణ నుంచి తెల్లగా అన్నది పవిత్రంగా అని మారింది. అదే ముద్రణలో చేరిన పీఠిక లేమనైట్లను అమెరికన్ ఇండియన్ల ప్రధాన పూర్వికులు అంది. తరువాత 2006 ప్రాంతంలో అది పూర్వికులలో కొందరు అన్న అర్థానికి తగ్గింది. ఏ వాక్యాన్ని ఉదహరించినా ఏ ముద్రణ నుంచో చెప్పకుండా రాయకండి.

అన్నం పెట్టడమూ కొట్టడమూ

కొట్టడంకన్నా తిండి పెట్టడం చవక అన్న యంగ్ విధానం ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. దానిని మానవత్వానికి రుజువుగా ఉదహరించేవారూ ఉన్నారు, వట్టి కపటమని కొట్టిపారేసేవారూ ఉన్నారు. నా ఉద్దేశంలో రెండూ తొందరపాటే. ఆ మాటలో ఉన్నది లెక్క, పోల్చినది ఖర్చును. 1850లో టింపనోగోస్‌ల మీద యుద్ధానికి అనుమతించినవాడే 1851 నుంచి యూటా టెరిటరీకి (ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతానికి) గవర్నరుగా ఉంటూ, మూలవాసుల వ్యవహారాల సూపరింటెండెంట్‌గా కూడా ఉన్నాడు. ఆవాసాలను విస్తరించే చర్చి అధిపతి, పాలకుడు, మూలవాసులను కాపాడవలసిన అధికారి ముగ్గురూ ఒక్క మనిషే అన్న విషయం మీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట సూటిగా కనిపించాలి. యూట్ నాయకుడు వాకారా 1850లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1853లో అతని పేరుతోనే యుద్ధం జరిగింది. పిండి, పశువులు పంచడం, 1850ల నడుమ ఏజెంటు గార్లండ్ హర్ట్ మూలవాసుల కోసం పెట్టించిన ఇండియన్ పొలాలు, వాటి పక్కనే పెరిగిపోతున్న ఊళ్ళు, అన్నీ ఒకే కాలానివి. తిండి పెట్టిన చోటా భూమి తిరిగి ఇవ్వలేదు.

ఈ దృష్టితో 1852 జనవరిలో యూటా శాసనసభ చేసిన చట్టాన్ని నిదానంగా చదవండి. న్యూ మెక్సికో వర్తకులు, వారికి తోడుగా కొన్ని యూట్ బృందాలు, పాయూట్, గోషూట్ పిల్లలను పట్టి బానిసలుగా అమ్మడం ఆ రోజుల్లో నిజంగానే సాగింది. చట్టం పేరు ఆ బానిసలకు ఉపశమనం అంటుంది. లోపల ఉన్నది వేరు: తెల్లవాడు అలాంటి పిల్లలను కొనవచ్చు, స్థానిక న్యాయాధికారి ముందు ఒప్పందం రాసుకుని గరిష్ఠంగా ఇరవై ఏళ్ళ పాటు తన దగ్గర పనికి ఉంచుకోవచ్చు. ఏడు నుంచి పదహారేళ్ళ వయసువారిని, బడి అందుబాటులో ఉంటే, ఏడాదికి మూడు నెలలు చదివించాలన్న షరతు కూడా ఉంది. కొందరిని సొంత పిల్లల్లా పెంచారు, కొందరు వంటింటి చాకిరీలోనే పెరిగారు, చాలామంది జబ్బులతో చిన్నతనంలోనే చనిపోయారు. యంగ్ ఇంట్లో పెరిగి, యూట్లలో పావంట్ బృందం నాయకుడు కనోష్‌ను పెళ్ళాడిన శాలీ జీవితం గురించి ఆధారాలు బాగానే దొరుకుతాయి. ఎక్కువమంది విషయంలో జనగణన పట్టికలో ఒక పేరు, ఒక వయసు మాత్రమే మిగిలింది.

హత్యాకాండలను ఒకే గాటన కట్టకండి

ప్రతి సంఘటనకూ ఎవరు చంపారు, ఎవరి ఆజ్ఞతో, చనిపోయింది ఎవరు, నింద ఎవరి మీద పడింది అన్న నాలుగు ప్రశ్నలు వేసుకుంటే గందరగోళం తగ్గుతుంది. 1857 సెప్టెంబరులో మౌంటెన్ మెడోస్ వద్ద అర్కాన్సా నుంచి కాలిఫోర్నియా వెళుతున్న 120 మంది దాకా ప్రయాణికులను చంపిన పథకం, నాయకత్వం స్థానిక మోర్మన్ మిలీషియా (పౌరసేన)వి. కొందరు పాయూట్లు కూడా పాల్గొన్నారు, ఎందరన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. కానీ దశాబ్దాల తరబడి నేరమంతా పాయూట్ల మీదే నెట్టారు. శిక్షపడి 1877లో మరణదండన పొందినది జాన్ డి. లీ ఒక్కడే. 2007లో చర్చి తరఫున వెలువడిన ప్రకటన పాయూట్లపై అన్యాయంగా పడిన నింద పట్ల విచారం తెలిపింది.

1863 జనవరి 29న బేర్ నది దగ్గర వాయవ్య షోషోనీల శిబిరం మీద పడింది మోర్మన్లు కారు, కల్నల్ ప్యాట్రిక్ కానర్ నాయకత్వంలోని కాలిఫోర్నియా వాలంటీర్లు అనే ఫెడరల్ సైనిక దళం. కానర్ నివేదిక 224 మంది మృతులని చెబితే ఇతర అంచనాలు నాలుగు వందలు దాటుతాయి. మోర్మన్లంటే కానర్‌కు గిట్టదు. అయినా అతనికి దారి చూపినవాడు ప్రసిద్ధ మోర్మన్ పోర్టర్ రాక్‌వెల్, ఖాళీ అయిన క్యాష్ లోయ మోర్మన్ రైతులకే దక్కింది. చర్చినీ ఫెడరల్ ప్రభుత్వాన్నీ ఎప్పుడూ శత్రువులుగానే చూపే కథనాలు ఈ ఒక్క ఉదాహరణ దగ్గరే తడబడతాయి.

సర్కిల్‌విల్ పేరు ఈ రెండింటి కన్నా తక్కువగా వినిపిస్తుంది. 1866 ఏప్రిల్‌లో, యూట్లకూ మోర్మన్ సెట్లర్లకూ మధ్య బ్లాక్ హాక్ యుద్ధం నడుస్తుండగా, ఆ ఊరి సెట్లర్లు కూషారెమ్ బృందానికి చెందిన పాయూట్లను పిలిపించి బంధించారు. పురుషుల చేతులు కట్టి ప్రార్థనాశాలలో, స్త్రీలను పిల్లలను నేలమాళిగలో ఉంచారు. కట్లు విప్పుకున్న పురుషులను కాల్చివేశారు. ఆ తరువాత మిగిలినవారిని ఒక్కొక్కరినే బయటకు తెచ్చి గొంతు కోశారు. చిన్నపిల్లలు కొందరు మాత్రం బతికారు. హతుల సంఖ్య ముప్పై దాకా ఉంటుంది. వారి గుర్తుగా రాయి నిలిపింది 2016లో.

ఆధారాలను తూచడం

యంగ్ ప్రసంగాల ముద్రిత సంపుటాలు సులభంగా దొరుకుతాయి గనుక అందరూ వాటినే ఉదహరిస్తారు. అవి జార్జ్ వాట్ వంటివారు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న దాని నుంచి తయారైనవి. షార్ట్‌హ్యాండ్ మూలాలను ఇటీవల చదివినప్పుడు ముద్రణలో మాటలు మారినట్లు తేలింది. పదం మీద వాదన నిలబెట్టేటప్పుడు మూలం చూడకుండా ముందుకు పోకండి. డెజరెట్ న్యూస్ 1850 నుంచి వెలువడింది, దాని పాత సంచికలు అంతర్జాలంలో ఉన్నాయి, కానీ అది చర్చి పత్రిక. ఫెడరల్ ఏజెంట్ల వార్షిక నివేదికలు దానికి విరుగుడులా కనిపిస్తాయి. అయితే ఆ ఏజెంట్లలో చాలామందికి యంగ్‌తో వైరం ఉంది, మోర్మన్లను దోషులుగా చూపితే వాషింగ్టన్‌లో వారి మాటకు విలువ పెరిగేది. మూలవాసుల మాట విషయంలో, రాతపూర్వకంగా లేదన్న సాకు చాలాకాలం నడిచింది. బేర్ నది నుంచి బయటపడినవారి జ్ఞాపకాలను మే టింబింబూ ప్యారీ అనే షోషోనీ మహిళ సేకరించి రాసి ఉంచింది. సైనిక నివేదిక యుద్ధం అన్న చోట ఆమె రాతల్లో శిబిరం, వంట, పిల్లలు, చలి కనిపిస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి.

కథను 1877లో ఆపకండి

యంగ్ మరణంతోనో యూటాకు రాష్ట్ర హోదా వచ్చిన 1896తోనో ముగించడం సౌకర్యం, అంతే. 1947లో అనధికారంగా మొదలై 1950లలో చర్చి అధికారిక కార్యక్రమంగా మారిన ఇండియన్ విద్యార్థుల ప్లేస్‌మెంట్‌లో, బాప్తిస్మం పొందిన పిల్లలను, ఎక్కువగా నవాహోలను, బడి నడిచే నెలల్లో తెల్ల మోర్మన్ కుటుంబాల్లో ఉంచేవారు. 1970 ప్రాంతంలో ఒకే ఏడాది అయిదు వేల మంది దాకా అందులో ఉన్నారు. ముఖ్య ప్రోత్సాహకుడు స్పెన్సర్ కింబల్ 1960లో చర్చి మహాసభలో మాట్లాడుతూ, ఆ ఇళ్ళలో ఉన్న పిల్లలు రిజర్వేషన్‌లోని తోబుట్టువులకన్నా తెల్లబడుతున్నారని చెప్పాడు. తల్లిదండ్రుల అంగీకారం ఉంది, కొందరు ఆ చదువుతో పైకి వచ్చామని కృతజ్ఞత చెప్పుకున్నారు, మరికొందరు భాష పోయిందన్నారు, లైంగిక వేధింపులపై 2016 నుంచి కోర్టులో కేసులు వేసినవారూ ఉన్నారు. ఇందులో ఏ ఒక్క గొంతును వదిలినా మీ వర్ణన కుంటుతుంది.

అదే కాలంలో యూటా సెనేటరు, మోర్మన్ అయిన ఆర్థర్ వాట్కిన్స్, తెగల ఫెడరల్ గుర్తింపును రద్దు చేసే విధానాన్ని కాంగ్రెస్‌లో ముందుండి నడిపాడు. 1954లో చేసిన చట్టంతో యూటాలోని దక్షిణ పాయూట్ల గుర్తింపు పోయింది. ఆరోగ్య సేవలు, పన్ను మినహాయింపు పోగా, పన్నులు కట్టలేక, అమ్ముకోవలసి వచ్చి, పదిహేను వేల ఎకరాల దాకా చేజారాయి. గుర్తింపు తిరిగి వచ్చేనాటికి జనంలో సగానికి దగ్గరగా మరణించారని తెగ చెబుతుంది. 1980 ఏప్రిల్ 3న గుర్తింపు తిరిగి వచ్చింది. పునరుద్ధరణ అని రాసి ఊరుకోకుండా దాని పక్కన మరో అంకె కూడా రాయండి: 1984లో వారికి ఇచ్చిన భూమి 4,770 ఎకరాలు, అదీ నైరుతి యూటాలో అక్కడక్కడా చెదిరిన, సారం తక్కువైన ముక్కలుగా.